పెరిమెనోపాజ్‌లో చైనా వైద్యం: సింగపూర్‌లో నా పది నెలలు

రాత్రి మూడింటికి మెలకువ వచ్చేది. వీపంతా చెమట, దిండు తడి, గుండె దడదడ. ఏసీ 22లో ఉన్నా అంతే. పది నిమిషాలకు ఆ చెమటే చల్లబడి వణుకు పుట్టేది. ఇక తెల్లారే వరకు నిద్ర లేదు. అప్పుడు నాకు 46 ఏళ్ళు, పెరిమెనోపాజ్, అంటే ముట్లుడిగే ముందు వచ్చే కొన్నేళ్ళ కాలం. నెలసరి ఒకసారి 21 రోజులకు, ఇంకోసారి 50 రోజులకు వచ్చేది. వచ్చినప్పుడు మొదటి రెండు రోజులూ రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వచ్చేది. పగలు చిన్న మాటకే పిల్లల మీద అరిచి, తర్వాత బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చేదాన్ని.

అమ్మకి ఫోన్ చేసి, "నీకప్పుడు ఎలా ఉండేదమ్మా?" అని అడిగాను. "ఎలా ఉంటుందే, రాత్రిళ్ళు లేచి గచ్చు మీద పడుకునేదాన్ని. ముట్లుడిగే ముందు అందరికీ అంతే" అంది. వేసవి కాబట్టి గచ్చు మీద పడుకుంటోందని మేం అనుకునేవాళ్ళం. ఆ రోజు ఫోన్ పెట్టేశాక చాలాసేపు బాధగా అనిపించింది.

మేం సింగపూర్ వచ్చి పదమూడేళ్ళు. పక్కింట్లో ఉండే చైనీస్ ఆంటీ ఒకరోజు లిఫ్టులో నేను కాగితంతో విసురుకోవడం చూసి, "గెంగ్ నియన్ చి" అంది. మారే ఏళ్ళ కాలం అని దానర్థం. తనకీ అలాగే ఉండేదని, సిన్సే దగ్గరికి వెళ్ళానని చెప్పింది. ఇక్కడ పాతతరం వాళ్ళు చైనా వైద్యులను సిన్సే అంటారు.

నాకు అనుమానంగానే ఉండింది. కానీ సింగపూర్‌లో 2000లో చేసిన చట్టం ప్రకారం ఈ వైద్యులు ప్రభుత్వ బోర్డులో నమోదు కావాలి. ఎవరి పేరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ఆంటీ చెప్పిన సిన్సే పేరు ఆ జాబితాలో చూశాకే అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

మొదటి రోజు ఆవిడ దాదాపు ముప్పావుగంట ప్రశ్నలే అడిగారు. చెమట ఏ వేళకి, ఒంట్లో ఏ భాగంలో మొదలవుతుంది, దాహం వేస్తే చల్లని నీళ్ళు కావాలనిపిస్తుందా వేడివా, నెలసరిలో గడ్డలు పడుతున్నాయా, కలలు వస్తున్నాయా... ఇన్ని ప్రశ్నలు ఒకేచోట అడిగినవాళ్ళు నాకు అంతవరకు ఎవరూ తగల్లేదు. నాలుక చూపించమన్నారు. రెండు చేతుల నాడినీ మూడేసి వేళ్ళతో, కళ్ళు మూసుకుని చాలాసేపు చూశారు. నాలుక ఎర్రగా ఉంది, పైన పొర తక్కువగా ఉంది, నాడి సన్నగా వేగంగా ఉంది అన్నారు. తర్వాత, "కిడ్నీ యిన్ తగ్గింది" అన్నారు.

నాకు కాళ్ళు చల్లబడ్డాయి. మా నాన్నగారు కిడ్నీ జబ్బుతో పోయారు. క్రియాటినిన్ పరీక్ష చేయించాలా అని అడిగితే, ఆవిడ నా భయం గ్రహించి నెమ్మదిగా చెప్పారు. వాళ్ళ వైద్యంలో కిడ్నీ అంటే మన మూత్రపిండం ఒక్కటే కాదట. పెరుగుదల, సంతానం, ముసలితనం వీటన్నిటికీ మూలమైన శక్తికి పెట్టుకున్న పేరట. యిన్ అంటే అందులో చల్లబరిచే, తడినిచ్చే భాగం. అది తగ్గితే లోపలి వేడిని అదుపులో పెట్టేది ఉండదు. ఈ మాట మాత్రం నాకు వెంటనే అర్థమైంది. ఒంట్లో వేడి చేసింది, చలవ చేసేది తాగు అనే ఇంట్లోనే కదా నేను పెరిగింది. ఇక్కడి చైనీస్ వాళ్ళు కూడా దూరియన్ పండు 'హీటీ', బార్లీ నీళ్ళు 'కూలింగ్' అంటారు.

కానీ ఆ రోజు ఆవిడ మందు ఇవ్వలేదు. "రక్తస్రావం ఇంత ఎక్కువగా ఉంటే ముందు గైనకాలజిస్ట్ చూడాలి, ఆ రిపోర్టులతో రండి" అన్నారు. ఆవిడ మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే. స్కానింగ్‌లో చిన్న ఫైబ్రాయిడ్ (గర్భాశయంలో వచ్చే, క్యాన్సర్ కాని గడ్డ) ఒకటి కనిపించింది, భయపడాల్సింది లేదన్నారు. హిమోగ్లోబిన్ 9.8, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ 8, రెండూ తక్కువే. నా నీరసం, ఆయాసం, దడలో సగానికి కారణం రక్తహీనతే. ఐరన్ మాత్రలు రాశారు. వేడి ఆవిర్లకు, అంటే ఇలా ఉన్నట్టుండి ఒళ్ళు వేడెక్కి చెమట పట్టడానికి, అన్నిటికంటే బాగా పనిచేసేది హార్మోన్ చికిత్సేనని, ఎవరికి పడుతుంది, ఎవరికి పడదు అన్నదీ గైనకాలజిస్ట్ వివరంగా చెప్పారు. కొన్నాళ్ళు చూసి నిర్ణయించుకుంటానన్నాను. ఆ దారి ఇప్పటికీ తెరిచే ఉంది.

తర్వాత వారానికోసారి చొప్పున ఎనిమిది వారాలు సూదులు, అంటే ఆక్యుపంక్చర్. గర్భం వచ్చే అవకాశం ఉందా అని ముందే అడిగారు. కాలి లోపలి చీలమండకు నాలుగు వేళ్ళ పైన సాన్‌యిన్‌జియావ్ అనే చోటు ఉంది, గర్భిణులకు అక్కడ సూది వేయరు. నెలసరి పూర్తిగా ఆగి 12 నెలలు గడిచే వరకు గర్భం రావచ్చన్న సంగతి నా వయసు స్నేహితురాళ్ళలో చాలామందికి తెలియదు. ఇంకో సూది చీలమండకూ మడమ నరానికీ మధ్య, ఒకటి సరిగ్గా బొట్టు పెట్టుకునే చోట. వెంట్రుకంత సన్నగా ఉంటాయి, ఒకసారి వాడి పారేసేవి. దిగేటప్పుడు చీమ కుట్టినట్టు ఉండి, కాసేపటికి ఆ చోటంతా బరువుగా, తిమ్మిరిగా అవుతుంది. పాదాల మీద ఎర్ర దీపం పెట్టి, లైటు తీసేసి అరగంట వదిలేస్తారు. మూడోసారి అక్కడే నిద్రపోయాను.

సూదులు వేస్తూ ఆవిడ ఒక మాట చెప్పారు. రెండు వేల ఏళ్ళ నాటి హువాంగ్‌ది నెయ్‌జింగ్ అనే చైనా వైద్య గ్రంథంలో ఆడవాళ్ళ జీవితాన్ని ఏడేసి ఏళ్ళుగా లెక్కేశారట. రెండు ఏడులు 14, అప్పుడు నెలసరి మొదలవుతుంది. ఏడు ఏడులు 49, అప్పుడు ఆగుతుంది. నాకు వచ్చింది రోగం కాదు, ఒక వయసు అన్నట్టు వినిపించింది నాకు.

మందు పేరు జీబాయ్ దిహువాంగ్. పొడి ప్యాకెట్లు, వేడినీళ్ళలో కలుపుకుని భోజనం తర్వాత రోజుకు రెండుసార్లు. మట్టిరంగు, చేదు. దీనికి మూలమైన ఆరు మందుల మిశ్రమాన్ని చైనాలో సాంగ్ రాజుల కాలంలో చియెన్ యీ అనే పిల్లల వైద్యుడు పసిపిల్లల కోసం తయారుచేశాడు. మేం శాకాహారులం కాబట్టి ఏమేమి కలుస్తాయో ఒక్కొక్కటి అడిగాను. రక్తస్రావానికి వాడే మందుల్లో గాడిద చర్మంతో చేసే అజియావ్ ఉండొచ్చు, అది వద్దని రాయించుకున్నాను. నాకు థైరాయిడ్ మాత్ర కూడా ఉంది. అది తెల్లారి పరగడుపున, ఐరన్ దానికి నాలుగు గంటల తర్వాత, ఈ పొడి వేరే వేళకి. ఫ్రిజ్ మీద కాగితం అంటించుకుంటే తప్ప కుదరలేదు.

మూడో నెలలో ఏడుపు ఎక్కువైందంటే గోధుమలు, 'రెడ్ డేట్స్' అనే ఎండు చైనా రేగుపళ్ళు, అతిమధురం కలిపిన ఇంకో మందు ఇచ్చారు. మనసుకి హాయిగానే ఉండింది. కానీ రెండు వారాలకు కాళ్ళు వాచాయి, బీపీ 150/94. మామూలుగా నాది 126/80. అతిమధురం బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. ఫోన్ చేస్తే వెంటనే ఆపమన్నారు, రక్తపరీక్షకు మా డాక్టర్ దగ్గరికి పంపారు. మూడు వారాలకు బీపీ దిగింది. ఇంట్లో బీపీ మిషన్ లేకపోతే నాకు తెలిసేదే కాదు.

మధ్యలో ఒక పరిశోధన గురించి చదివాను. ఆస్ట్రేలియాలో 327 మంది ఆడవాళ్ళు, అందరికీ సరిగ్గా నాకు చెప్పిన కిడ్నీ యిన్ లోపమే. సగం మందికి నిజం సూదులు, సగం మందికి చర్మంలోకి దిగని మొండి సూదులు, ఎనిమిది వారాల్లో పదిసార్లు. 2016లో ఫలితాలు వచ్చాయి. రెండు జట్లలోనూ వేడి ఆవిర్లు 40 శాతం దాకా తగ్గాయి, తేడా మాత్రం లేదు. రెండు రోజులు ఆలోచించాను. అయినా మానలేదు. ఎవరూ పిలవని చీకటి గదిలో అరగంట, నా ఒంటి గురించి వారంవారం శ్రద్ధగా అడిగే మనిషి. తగ్గించింది ఇవే అయినా నాకు తగ్గడం ముఖ్యం. సాయంత్రం కాఫీ మానేశాను, రాత్రి పూట ఆవకాయ మానేశాను. అవీ పనిచేసి ఉంటాయి.

డైరీలో రాసుకున్న లెక్క ఇది: మొదట్లో రోజుకు ఎనిమిది, తొమ్మిది ఆవిర్లు, ఇప్పుడు మూడు. రాత్రి ఒక్కసారే లేస్తున్నాను. హిమోగ్లోబిన్ 12.1, అది మాత్రం ఐరన్ పుణ్యమే. నెలసరి ఇంకా తన ఇష్టం వచ్చినట్టే వస్తోంది. సూదులు నెలకొకసారి, ఒక్కోసారికి 90 సింగపూర్ డాలర్ల దాకా, అంతా మా జేబులోంచే.

పోయిన వారం గుంటూరు నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసింది. ఆమెకు 44. "వదినా, ఆ చైనా పొడి నాకూ నాలుగు ప్యాకెట్లు పంపవా" అంది. అది నా నాలుక, నా నాడి చూసి ఇచ్చింది, నీకు పంపను అన్నాను. కాస్త నొచ్చుకుంది. ముందు రక్తపరీక్ష, థైరాయిడ్, స్కానింగ్ చేయించుకోమని బతిమాలాను. నిన్న రిపోర్టు ఫొటో పెట్టింది. హిమోగ్లోబిన్ 7.9. రేపు మా ఆయన తమ్ముడు ఆమెను గైనకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్తున్నాడు.