అర్జీలో ఒక వరుస: నా అనుభవం

దేవరకొండ దగ్గరి మా ఊళ్లో తాగునీటి పైపుల కోసం వీధి తవ్విన గుత్తేదారు, గుంతలు పూడ్చకుండానే వెళ్లిపోయాడు. సోమవారం నల్లగొండ కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇద్దామనుకున్నాం. రాసే పని నా మీద పడింది. డిగ్రీలో తెలుగు చదివినందుకు ఆ మాత్రం శిక్ష తప్పదు.

ఎవరు చెప్పింది వాళ్లు చెప్పినట్టే రాసుకుంటే చిత్తుప్రతి ఇలా తేలింది: ‘గుంతలు పూడ్చాలి, పైపు లీకేజీ సమస్య, వీధిదీపాలు లేక ఇబ్బంది పడుతున్నాం, ఒక పెద్దాయన కాలు విరిగింది.’ ఒకటి కోరిక, ఒకటి ఉత్త పేరు, ఒకటి మొర, ఒకటి జరిగిన సంగతి. నాలుగూ కామాలు పెట్టుకుని ఒకే బంతిలో కూర్చున్నాయి.

ఒక వరుసలోని ముక్కలన్నీ ఒకే వ్యాకరణ రూపంలో ఉంటే దాన్ని సమాంతర నిర్మాణం అంటారు. నా చిత్తుప్రతిలో లేనిది అదే. ఆ మాట అనగానే జూలియస్ సీజర్ అన్న ‘వచ్చాను, చూశాను, గెలిచాను’ను ఉదాహరణగా చెబుతారు. అంత దూరం ఎందుకు? ‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’లో రెండు ముక్కలకూ ఒకటే అచ్చు: కర్మ, క్త్వార్థకం (‘కట్టి’, ‘చేసి’ లాంటి రూపం), ఆపైన ‘చూడు’. రెండో ముక్కను ‘పెళ్లి చేయడం కష్టం’ అని మార్చండి, సామెత అక్కడే చస్తుంది.

కోరికలు మూడింటినీ ఒకే క్రియకు కట్టాను: ‘గుంతలు పూడ్పించాలని, పైపు బాగుచేయించాలని, దీపాలు పెట్టించాలని కోరుతున్నాం.’ మూడింటిలోనూ ప్రేరణార్థకమే, అంటే ఇంకొకరి చేత చేయించడం. కలెక్టరు గారు పార పట్టరు కదా, పట్టిస్తారు.

పేచీ కాలు దగ్గర వచ్చింది. అది కూడా వరుసలోనే ఉండాలని పెద్దాయన కొడుకు పట్టుబట్టాడు. ‘అది మన కోరిక కాదన్నా, కోరికలకు కారణం’ అని దాన్ని అర్జీ మొదట్లో విడి వాక్యంగా పెట్టి, పైకి చదివి వినిపించాను. అప్పటికి గాని ఒప్పుకోలేదు. అచ్చు కుదిరింది కదా అని దేన్నిపడితే దాన్ని వరుసలోకి లాగకూడదు. సమాన హోదా ఉన్నవే అందులో నిలుస్తాయి. ఇంకొకాయన వాళ్లమ్మ పింఛను కూడా కలపమన్నాడు. అచ్చుకైతే సరిపోయేదే, కానీ వీధికీ దానికీ సంబంధం లేదు. వేరే కాగితం రాసిచ్చాను.

ప్రజావాణిలో అర్జీ తీసుకున్న ఉద్యోగి మూడు కోరికల కిందా గీతలు గీసి, అంచున ఒక్కోదానికి శాఖ పేరు రాసి రసీదు ఇచ్చారు. గుంతలు పూడ్చారు, దీపాలు పెట్టారు. పైపు మాత్రం ఇంకా కారుతోంది. దానికి మళ్లీ వెళ్లాలి.