వాళ్ళింటికి మనం వెళ్ళిన రోజు

శనివారం, రాత్రి పదిన్నర

విదేశీ విద్యార్థులకూ ఇక్కడి కుటుంబాలకూ స్నేహం కలపడానికి మేం పెడుతున్న సంస్థ కాగితాల మీద ఏడో సంతకం ఈ రోజు పడింది. సొసైటీ రిజిస్టరు చేయించాలంటే కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలని 2001 నాటి చట్టం. ఆరుగురు సులువుగానే దొరికారు. బడిలో నాతో పాటు పాఠాలు చెప్పిన ఇద్దరు టీచర్లు, మా ఆడపడుచు, కింద పోర్షనులో ఉండే దంపతులు, నేను. ఏడో మనిషి పక్కింటి అన్నయ్య. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఏ కాగితాన్నయినా ఆసాంతం చదవనిదే కలం తీయరు. "నలుగురిని పిలిచి అన్నం పెట్టడానికి సొసైటీ ఎందుకమ్మా? పిలిస్తే వస్తారు, పెడితే తింటారు" అని చాలా రోజులుగా అంటున్నారు.

అడగవలసిన మాటే. దానికి నా దగ్గర ఉన్న జవాబు కూడా చిన్నదే. వేసవిలో నేను పిల్లల దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి ఇక్కడ ఒక్క పరిచయమూ జరగలేదు. ఎవరికి ఎవరిని కలపాలో నా ఫోనులో తప్ప ఎక్కడా రాసి లేదు. విశ్వవిద్యాలయం వాళ్ళు కూడా ఒక రిటైరైన టీచరమ్మ మాట మీద విదేశీ విద్యార్థుల నోటీసు బోర్డులో కాగితం అంటించనిస్తారా? వాళ్ళకూ ఒక పేరు, ఒక చిరునామా, ఒక బాధ్యత కనబడాలి. ఇదంతా పొద్దున్న కాఫీ తాగుతూ మళ్ళీ చెప్పాను. అన్నయ్య నియమావళి మొత్తం చదివి, లెక్కలు ఏటా ఆడిట్ చేయించాలన్న వాక్యం కింద గీత గీసి, సంతకం పెట్టారు. కోశాధికారి కూడా ఆయనే. అంతకంటే తగిన మనిషి ఈ వీధిలో లేరు.

మేం చేయదలచిన పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, హైదరాబాదులో చదువుకుంటున్న విదేశీ విద్యార్థులకూ ఇక్కడి కుటుంబాలకూ స్నేహం కలపడం. ఉస్మానియాలో, ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఆఫ్రికా నుంచి, పశ్చిమాసియా నుంచి, మధ్య ఆసియా నుంచి వచ్చిన పిల్లలు ఎందరో ఉన్నారు. మౌలానా ఆజాద్ 1950లో స్థాపించిన భారత సాంస్కృతిక సంబంధాల మండలి ఇచ్చే స్కాలర్‌షిప్పుల మీద కొందరు వస్తారు, సొంత డబ్బుతో కొందరు. తార్నాకలో ఇన్నేళ్ళుగా ఉంటూ వాళ్ళను రోజూ బస్‌స్టాపులో చూస్తున్నాను. చదువు ముగించుకొని విమానం ఎక్కే నాటికి కూడా వీళ్ళలో చాలామంది మన ఊళ్ళో ఒక్క ఇంటి గడపా తొక్కి ఉండరు. మన పిల్లలు పరాయి దేశంలో ఉంటే ఎవరైనా పిలిచి ఒక పూట భోజనం పెడితే బాగుండునని కోరుకునే తల్లులం, మన వీధిలో నడిచే పిల్లను పిలవం. ఇది నన్ను ఊరికే ఉండనివ్వలేదు.

పదిగంటలకు డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి వెళ్ళాను. మెమొరాండం, బైలాస్ ఆయనే టైపు చేయిస్తున్నారు. అంతా బాగుంది గానీ ఆరో నిబంధన దగ్గర ఆగి, "ఇది తీసేద్దాం అమ్మా, ఎవరూ ఇలాంటిది పెట్టరు" అన్నారు. ఆ నిబంధన ఇది: ఒక కుటుంబం ఒక విద్యార్థిని భోజనానికి పిలిస్తే, ఆ తర్వాతి పిలుపు విద్యార్థి వైపు నుంచి రావాలి, కుటుంబం వెళ్ళాలి. ఉండేది హాస్టలు గది అయితే టీ ఇచ్చినా చాలు. కానీ వెళ్ళాలి.

నేను తీయనన్నాను. ఈ సంస్థలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం అదే. మనవాళ్ళకు పెట్టే గుణం పుష్కలంగా ఉంది. పండక్కి పిలుస్తాం, కొసరి కొసరి వడ్డిస్తాం, చీర పెట్టి పంపిస్తాం. అది దయ. పెట్టేవాళ్ళు ఎప్పుడూ పెడుతూ, తినేవాళ్ళు ఎప్పుడూ తింటూ ఉంటే అందులో స్నేహం ఎక్కడుంది? అమెరికా మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే ఈ సంగతి చెప్పారు. వేరువేరు జాతుల వాళ్ళు పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకరి మీద ఒకరికి ఉన్న దురభిప్రాయాలు పోవు. ఆ కలయికలో ఇద్దరికీ సమాన స్థాయి ఉండాలి, కలిసి చేసే పని ఉండాలి, దానికి పెద్దల మద్దతు ఉండాలి. అతిథిగా ఎదుటివాళ్ళ గుమ్మంలో నిలబడినప్పుడే మనకు ఆ సమాన స్థాయి అర్థమవుతుంది. చెప్పులు ఎక్కడ విడవాలో, ఎక్కడ కూర్చోవాలో, ఎంత తింటే మర్యాదో తెలియక తడబడినప్పుడు. ఆ తడబాటు వాళ్ళకు ఇక్కడ రోజూ ఉన్నదే.

నోటరీ దగ్గర వరుస చాలా పొడుగ్గా ఉంది. కూర్చుని, నేను రాసుకున్న పాత నోట్సు చదువుకున్నాను. ఇలాంటి సంస్థలు పెట్టినవాళ్ళు ఎవరెవరు, ఎలా మొదలుపెట్టారు అని చాలా కాలంగా రాసుకుంటున్నాను. ప్రయాణికులకు ఇళ్ళలో ఆతిథ్యం ఇప్పించే సర్వాస్ 1949లో డెన్మార్క్‌లో పుట్టింది. మొదలుపెట్టిన బాబ్ లూయిట్‌వీలర్ రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకీ పట్టనని జైలుకు వెళ్ళిన అమెరికా యువకుడు. ప్రయాణికుడు ఎవరింట్లోనైనా మామూలుగా రెండు రాత్రులు ఉండవచ్చు, ఇంటివాళ్ళు డబ్బు పుచ్చుకోకూడదు, ముందు ఒకరు ఆ ప్రయాణికుడితో కూర్చుని మాట్లాడాలి. ఇప్పటికీ పద్ధతి అదే. ఏఎఫ్ఎస్ (అమెరికన్ ఫీల్డ్ సర్వీస్) కథ నాకు ఇంకా ఇష్టం. 1915లో ఫ్రాన్సులో గాయపడిన సైనికులను మోసిన అంబులెన్సు డ్రైవర్ల సంఘం అది. రెండో యుద్ధంలోనూ అదే పని చేశారు. ఆ యుద్ధం ముగిశాక, ఇక గాయాలైన తర్వాత మోయడం కాదు, ముందే పిల్లలను ఒక దేశం నుంచి ఇంకో దేశపు ఇళ్ళకు పంపాలని నిర్ణయించుకొని 1947లో మొదటి జట్టును రప్పించారు. డోరిస్ ఆలెన్ అనే మనస్తత్వవేత్త 1951లో సిన్సినాటిలో పదకొండేళ్ళ పిల్లలకు శిబిరం పెట్టారు. పెద్దవాళ్ళ సంధి చర్చలకంటే ముందు పిల్లలు కలిసి ఆడుకోవాలన్నది ఆవిడ పట్టుదల. వీళ్ళందరూ శవాలను, బూడిదైన ఊళ్ళను చూసిన తరం వాళ్ళు. నాకు ఆ అనుభవం లేదు. ఈ మధ్యాహ్నం నేను కలిసిన తల్లికి ఉంది.

ఆరో నిబంధన ప్రకారం ఇవాళ మొదటి ఎదురు పిలుపు. పక్కింటి వదిన గారు కిందటి నెల ఒక సూడాన్ అమ్మాయిని ఇంటికి పిలిచి పులిహోర, గారెలు పెట్టారు. ఆ అమ్మాయి ఇవాళ మమ్మల్ని పిలిచింది. ఉండేది టోలిచౌకిలో పారమౌంట్ కాలనీ. సూడాన్, సోమాలియా, యెమెన్ వాళ్ళు అక్కడ చాలామంది ఉంటారు. మెట్రోలో అమీర్‌పేట దాకా వెళ్ళి, అక్కడి నుంచి అన్నయ్య, వదిన, నేను ఆటో ఎక్కాం. శ్రావణమాసం కదా, మేం మాంసం తినం అని వదిన రెండు రోజుల ముందే ఫోను చేసి చెప్పారు. దారంతా ఆవిడకు ఒకటే దిగులు. "మాంసం వండే గిన్నెల్లోనే వండుతారేమో వదినా" అని. కాదనలేను కదా. "అడుగుదామా?" అన్నాను. "వద్దులే, బాగుండదు" అన్నారు.

ఆ అమ్మాయి వాళ్ళ అమ్మ సూడాన్ రాజధాని ఖార్టూమ్ నుంచి వచ్చింది. 2023 ఏప్రిల్ 15న సైన్యానికీ పారామిలటరీ దళానికీ మధ్య నగరం నడిబొడ్డున యుద్ధం మొదలైంది. ఇల్లు వదిలి పోర్ట్ సూడాన్ చేరి, ఎలాగో కూతురి దగ్గరికి వచ్చింది. ఆవిడకు అరబిక్ తప్ప రాదు. మా వదినకు తెలుగు తప్ప రాదు. కూతురు మాతో హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడి తల్లికి చెబుతోంది.

వంటగదిలో పొయ్యి మీద పెద్ద పెనం ఉంది. పక్కన గిన్నెలో పులిసిన పిండి. వదిన తొంగి చూసి, వేలితో ముట్టుకొని, వాసన చూసి "జొన్న!" అన్నారు. వదిన పుట్టిల్లు మహబూబ్‌నగర్ వైపు. జొన్నరొట్టె చేతి మీద తట్టడం చిన్నప్పటి నుంచీ వచ్చు. ఆ తల్లి గరిటెడు పిండి పెనం మీద పోసి, ఒక పాత ప్లాస్టిక్ కార్డుతో చివర నుంచి చివరకు లాగింది. ఒక్క లాగుకు పిండి పెనమంతా పరుచుకుంది. అంచులు లేవగానే రెండు చేతులతో తీసి పళ్ళెంలో వేసింది. తిరగేయలేదు. వెనక వెలుతురు కనిపించేంత పలుచన. దీన్ని కిస్రా అంటారు. వాళ్ళ ఊళ్ళో తాటిజాతి ఆకు ముక్కతో లాగుతారట, ఇక్కడ అది దొరకక కార్డు. వదిన చీర కొంగు నడుములో దోపి, ఆ కార్డు అడిగి పుచ్చుకున్నారు. మొదటిది చిరిగిపోయింది. రెండోది మధ్యలో మందంగా వచ్చింది. ఆ తల్లి వదిన మణికట్టు పట్టుకొని వాలు సరిచేసింది. మూడోది పళ్ళెంలోకి వెళ్ళింది.

నేను సోషల్ టీచరుని, ఊరుకోలేకపోయాను. జొన్న వాళ్ళ గడ్డ మీదే పుట్టిందని చెప్పాను. తూర్పు సూడాన్‌లో దొరికిన సుమారు 5 వేల ఏళ్ళ నాటి కుండ పెంకుల మీద జొన్న గింజల అచ్చులున్నాయి. అక్కడి నుంచి ఆ పంట వేల ఏళ్ళ కిందటే మన దక్కనుకు చేరింది. అన్నయ్య చాలాసేపు ఆ పిండి గిన్నె వైపే చూస్తూ ఉండిపోయారు. "మా నాయనమ్మ జొన్నన్నం తప్ప ఎరగదు" అన్నారు.

కూర ఎండబెట్టిన బెండకాయ పొడితో చేసిన చిక్కటి పులుసు. మాంసం లేకుండా ఉల్లిపాయ, టమాటా వేసి వండారు. ఎండాకాలంలో మేడ మీద బెండకాయ ముక్కలు ఎండబెట్టుకుందట ఆ అమ్మాయి.

కింద చాప పరిచి మధ్యలో పెద్ద పళ్ళెం పెట్టారు. వాళ్ళ పద్ధతి ప్రకారం అందరూ చుట్టూ కూర్చుని అందులోనే తినాలి. ఎంగిలి పట్టింపు మాకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే. వదిన కూర్చున్నారు గానీ చెయ్యి ముందుకు రాలేదు. ఆ అమ్మాయి గమనించి వెంటనే రెండు కంచాలు తెచ్చింది. తల్లి ఏదో అడిగింది, కూతురు ఏదో చెప్పింది, తల్లి తల ఊపి తన చేత్తోనే వదిన కంచంలో కిస్రా మడతలు పెట్టి పైన పులుసు పోసింది. అన్నయ్య కూడా కంచమే తీసుకున్నారు. నేను పళ్ళెంలో తిన్నాను. ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. మొదటి రోజే అన్ని పట్టింపులూ వదిలేయాలని నేను అనుకోను. అన్నయ్య మనవడు బర్కాస్‌లో మండీ అనే మాంసం అన్నం తినడానికి స్నేహితులతో వెళితే నలుగురూ ఒకే పళ్ళెంలో తింటారు. నిజాం కొలువులో సైనికులుగా వచ్చిన యెమెన్ హద్రమౌత్ వాళ్ళు ఉండే చోటది. ఆ అలవాటు ఊరంతా పాకడానికి ఎన్ని తరాలు పట్టిందో! మా ఇద్దరు పెద్దవాళ్ళు ఒక్క మధ్యాహ్నంలో మారాలా? ఇంకొకరి చాప మీద కూర్చుని వాళ్ళు వండింది కడుపునిండా తిన్నారు, ఇవాళ్టికి అది నాకు చాలు.

తిన్నాక అద్దె ఇళ్ళ మాట వచ్చింది. టులెట్ బోర్డు చూసి ఫోను చేస్తే రమ్మంటారు, ముఖం చూడగానే "ఇప్పుడే ఇచ్చేశాం" అంటారు. మర్నాడు బోర్డు అక్కడే వేలాడుతూ ఉంటుంది. ఆ అమ్మాయి దీన్ని కోపం లేకుండా చెప్పింది, నాకే కోపం వచ్చింది. వదిన కొడుకు డాలస్‌లో ఉంటాడు. వెళ్ళిన కొత్తలో అక్కడి పొరుగింటి ముసలావిడ అతనికి చలికోటు ఇచ్చిన సంగతి వదిన మాకు చాలాసార్లు చెప్పారు. ఇవాళ ఆ కథ చెప్పలేదు. మా కింద పోర్షను ఖాళీ అయితే ఎవరికిస్తానని నన్ను ఆటోలో అడిగారు. వీళ్ళకే ఇస్తానన్నాను.

బయల్దేరే ముందు ఆ అమ్మాయి ఒక కవరులో అయిదు వందలు పెట్టి సంస్థకు విరాళమని ఇచ్చింది. అన్నయ్య రెండు చేతులూ జోడించి వెనక్కి ఇచ్చేశారు. విదేశీయులు ఇక్కడే రూపాయల్లో ఇచ్చినా చట్టం దృష్టిలో అది విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి కావాలి. ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ అడగాలన్నా సంస్థకు కనీసం మూడేళ్ళ వయసు, ఆ మూడేళ్ళలో పదిహేను లక్షల ఖర్చు ఉండాలి. మేం భోజనాలు పెట్టుకునే వాళ్ళం, అంత ఎక్కడ ఖర్చు చేస్తాం? అలాగే రాత్రి బస కూడా ప్రస్తుతానికి పెట్టుకోలేదు. విదేశీయులు ఎవరింట్లో పడుకున్నా 24 గంటల్లోగా అధికారులకు తెలియజేయాలి. ఆ పనంతా నేర్చుకున్నాక చూద్దాం. అన్నయ్య ఇదంతా ఆ అమ్మాయికి ఓపికగా వివరించారు. "డబ్బు వద్దమ్మా, నువ్వు ఇవ్వవలసింది ఇచ్చేశావు" అన్నారు. నాకు కళ్ళు చెమర్చాయి.

గుమ్మం దగ్గర వదిన ఆ తల్లి చెయ్యి పట్టుకొని తెలుగులోనే, మా ఇంటికి నువ్వు రావాలి, జొన్నరొట్టె నేను తట్టి చూపిస్తాను అని చెప్పారు. కూతురు అనువదించే లోపే ఆవిడ తల ఊపింది. శ్రావణం వెళ్ళాక వచ్చే మొదటి ఆదివారం అనుకున్నాం.

సోమవారం పనులు: అందరి ఆధార్ జిరాక్సులు, చిరునామాకు కరెంటు బిల్లు, యెమెన్ విద్యార్థికి జోడీగా ఒక కుటుంబం, నాచారం టీచరు గారు ఒప్పుకునేలా ఉన్నారు. డాక్యుమెంట్ రైటర్‌కు ఇందాకే ఫోను చేశాను. ఆరో నిబంధన ఉంటుంది, టైపు చేయించమన్నాను. సరేనమ్మా అన్నారు.