రూర్కెలా సీటు, గాజువాక ఇల్లు: మా ఇంట్లో ఆ నెల రోజులు

2025 జూన్‌లో జోసా (ఐఐటీ, ఎన్ఐటీ సీట్ల కౌన్సెలింగ్) మొదటి రౌండ్ సీటు తెలిసిన రోజు రాత్రి మా అమ్మ అన్నం తినలేదు. సీటు వచ్చింది. కానీ ఒడిశాలోని రూర్కెలాలో వచ్చింది.

ఈ ఏడాది జేఈఈ మెయిన్, ఈఏపీసెట్ రెండూ రాస్తున్నవాళ్ళ కోసం, ముఖ్యంగా అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. సిలబస్ గురించి చెప్పేవాళ్ళు మీకు చాలామంది దొరుకుతారు. ర్యాంకు వచ్చాక ఊళ్ళో చేరాలా, బయటికి వెళ్ళాలా, వెళ్తే భద్రత మాటేమిటి అనేది మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. మాకూ చెప్పలేదు.

మాది గాజువాక. నాన్న స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు కార్మికుడు. నేను ఇంటి నుంచే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీకి వెళ్ళి ఇంటర్ ఎంపీసీ చదివాను.

ప్రిపరేషన్ గురించి రెండు మాటలే చెప్తాను. 2025 నుంచి జేఈఈ మెయిన్‌లో ప్రశ్నలు వదిలేసే చాయిస్ తీసేశారు. 75 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పు రాస్తే ఒక మార్కు కోత. జనవరి సెషన్‌లో నేను 61 ప్రశ్నలు రాస్తే 22 తప్పు పోయాయి. ఇంటికొచ్చి కీ చూసుకుంటూ ఆ 22 ప్రశ్నలూ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పక్కనే ఎర్ర పెన్నుతో కారణం రాశాను. తొమ్మిది చోట్ల ఒకటే మాట: 'గెస్'. మార్చిలో ఇంటర్ పరీక్షలు అయిపోగానే మళ్ళీ ఆ నోట్‌బుక్కే తీశాను. కెమిస్ట్రీకి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం తప్ప ఇంకేదీ ముట్టుకోలేదు. ఏప్రిల్‌లో 56 రాస్తే 12 తప్పులు. తక్కువ రాసి ఎక్కువ తెచ్చుకున్నాను. 97 దాటి పర్సంటైల్ వచ్చింది. ఈఏపీసెట్ దీనికి పూర్తిగా రివర్స్. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, నెగటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్కటీ వదలకూడదు. ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంటుంది కాబట్టి మార్చి పరీక్షల్ని తేలిగ్గా తీసుకోకండి.

ఇక సర్టిఫికెట్ల సంగతి. మేము ఇక్కడే దెబ్బతినబోయాం. మాకు వార్డు సచివాలయంలో ఇచ్చిన బీసీ సర్టిఫికెట్ ఉంది కదా అని ధీమాగా ఉన్నాం. జోసాకి అది చాలదు. కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ కావాలి, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో కూడా ముందే చూసుకోండి, రాష్ట్ర జాబితా వేరు, అది వేరు. వెరిఫికేషన్‌లో నాకు క్వెరీ పెట్టారు, అంటే సరైన సర్టిఫికెట్ పెట్టమన్నారు. నాన్న రెండు రోజులు డ్యూటీ మానేసి తహసీల్దార్ ఆఫీసు దగ్గరే ఉండిపోయారు. గడువుకి ముందురోజు సాయంత్రం చేతికొచ్చింది. ఆ రెండు రోజుల టెన్షన్ మీకు రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను. ఏప్రిల్ మొదటి వారంలోనే అప్లై చేసెయ్యండి.

నా ముందు మూడు దారులున్నాయి. ఈఏపీసెట్ ర్యాంకుతో మధురవాడలో గాయత్రి విద్యా పరిషత్ కాలేజీలో సీఎస్ఈ రావచ్చు. ఆంధ్ర యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో మెటలర్జీ రావచ్చు. మూడోది, చేతిలో ఉన్న సీటు: రూర్కెలా ఎన్ఐటీలో మెటలర్జికల్ అండ్ మెటీరియల్స్ ఇంజనీరింగ్. ఎన్ఐటీల్లో సగం సీట్లు ఆ రాష్ట్రం పిల్లలకి, సగం బయటివాళ్ళకి. మనకి సొంత రాష్ట్రం కోటా ఉన్నది తాడేపల్లిగూడెంలో. అక్కడ ఈసీఈ పెట్టాను, రాలేదు. రూర్కెలా సీటు వచ్చింది బయటి రాష్ట్రాల కోటాలో, అమ్మాయిలకు విడిగా ఉండే పూల్‌లో. 2018 నుంచి అమ్మాయిల కోసం అదనపు సీట్లు పెట్టారు. అందుకే కటాఫ్‌లు చూసేటప్పుడు అమ్మాయిలు 'ఫిమేల్ ఓన్లీ' వరస చూడాలి. జెండర్ న్యూట్రల్ వరస చూసి 'మనకి రాదులే' అని ఆశ వదిలేసుకున్నవాళ్ళు మా బ్యాచ్‌లోనే ఉన్నారు.

చిక్కేమిటంటే జోసా జూన్‌లో మొదలవుతుంది, ఈఏపీసెట్ కౌన్సెలింగ్ జూలైలో. ఊళ్ళో ఏం వస్తుందో తెలియకముందే బయటి సీటుకి డబ్బు కట్టాలి. మేము కట్టాం. చివరి రౌండ్ ముందు వరకు విత్‌డ్రా చేసుకోవచ్చు, ప్రాసెసింగ్ ఫీజు పోను మిగతాది తిరిగొస్తుంది. ఆ వెసులుబాటు ఉందని తెలిశాకే అమ్మ కాస్త ఊపిరి పీల్చుకుంది.

అమ్మ భయాన్ని చాదస్తం అని నేను ఎప్పుడూ అనను. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో జరిగిన ఘోరం టీవీలో చూసిన రోజు నుంచి ఆవిడ మనసులో అది అలాగే ఉండిపోయింది. చదువుకునే చోటే, డ్యూటీలో ఉన్న డాక్టరమ్మాయికే అలా జరిగితే అని రోజుకొకసారైనా అనేది. దానికి తోడు పెద్దమ్మ వచ్చి, "ఆడపిల్లని ఒరిస్సా పంపించీడమేటే? భాష రాదు, మనిషి తెలీదు. మన ఊళ్ళో కాలేజీలు లేవేటి?" అంది. నాన్న ఏమీ అనలేదు. రెండు వైపులా ఆయనకి నిజమే అనిపించింది.

ఆ రాత్రి నేను అమ్మకి అంతవరకూ చెప్పని ఒక విషయం చెప్పాను. ఇంటర్ సెకండియర్‌లో ద్వారకానగర్‌లో టెస్ట్ రాసి ఎనిమిదింటికి బస్సెక్కాను. నిలబడ్డానికి కూడా చోటు లేదు. కంచరపాలెం దాటాక వెనక ఒకడు కావాలనే ఒరుసుకోవడం మొదలుపెట్టాడు. ముందుకి జరిగితే వాడూ జరిగాడు. బ్యాగు వీపు మీద నుంచి తీసి అడ్డం పెట్టుకున్నాను. ఎన్ఏడీ జంక్షన్ రాగానే నా స్టాపు కాకపోయినా దిగిపోయి, ఒక మందుల షాపు లైటు కింద నిలబడి నాన్నకి ఫోన్ చేశాను. "బస్సు మిస్సయింది, రండి" అన్నాను. అంతే చెప్పాను. ఆ తర్వాత రెండు వారాలు ఆ టెస్టులకి వెళ్ళలేదు, తలనొప్పి అన్నాను.

అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నా చెయ్యి మాత్రం వదల్లేదు. విశాఖ మంచి ఊరు కాదని నేను చెప్పలేదు, ఇప్పటికీ చెప్పను. కానీ గాజువాక నుంచి ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ మీదుగా మధురవాడకి రోజూ రానూపోనూ కనీసం మూడు గంటలు. నాలుగేళ్ళు. చలికాలంలో ఇంటికొచ్చేసరికి చీకటే. ఇంటి నుంచి వెళ్ళి రావడం క్షేమం, హాస్టల్ ప్రమాదం అని మనం లెక్క వేస్తున్నాం గానీ ఆ లెక్కలో బస్సు ప్రయాణం లేదు. దూరం ఒక్కటే చూస్తే భద్రత తెలియదు. ఫిజిక్స్‌లో చాప్టర్ చదివినట్టు కూర్చుని, అడిగి, చూసి తెలుసుకోవాలి.

మర్నాడు పొద్దున్న అదే లాంగ్ నోట్‌బుక్ వెనక పేజీలు తీసి, నేనూ అమ్మా కలిసి ప్రశ్నలు రాశాం. హాస్టల్ క్యాంపస్ లోపలా, బయటా? రాత్రి ఎన్నింటికి లోపలికి రావాలి? ల్యాబ్ లేటయితే గది దాకా ఎలా వస్తారు, దారిలో లైట్లు ఉన్నాయా? ఫస్టియర్ పిల్లల్ని సీనియర్ల నుంచి విడిగా ఉంచుతారా? వార్డెన్ రాత్రి ఫోన్ ఎత్తుతుందా? లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ ఉందా, అందులో ఉన్నవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు వెబ్‌సైట్‌లో పెట్టారా? 2013 చట్టం ప్రకారం ఆ కమిటీ ఉండి తీరాలి. చివర్లో రాసిన ప్రశ్న మాత్రం ఎవర్ని అడిగినా మర్చిపోవద్దు: మీకు తెలిసి ఎవరైనా ఫిర్యాదు చేశారా, చేస్తే ఏం జరిగింది?

ఇవే ప్రశ్నలు ఊళ్ళో కాలేజీలనూ అడిగాం. ఒక కాలేజీ ఆఫీసులో ఆయన నవ్వి, "మా దగ్గర అలాంటివేం జరగవమ్మా" అన్నాడు. కమిటీలో ఎవరున్నారంటే చెప్పలేకపోయాడు. అన్నిటికన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ జవాబే. వేల మంది పిల్లలున్న చోట ఎప్పుడూ ఏమీ జరగలేదంటే, జరిగినప్పుడు చెప్పుకునే చోటు లేదని నేను అనుకుంటాను. అదే సమయంలో పక్క రాష్ట్రం ప్రైవేటు యూనివర్సిటీ తరఫున ఒక ఏజెంటు ఇంటికే వచ్చి, ఇవాళ అడ్వాన్సు కడితే సగం ఫీజు తగ్గిస్తామన్నాడు. ఇవే ప్రశ్నలు వేస్తే బ్రోచర్‌లో హాస్టల్ ఫోటో చూపించాడు. అలాంటివాళ్ళకి ఒక్క రూపాయి కూడా కట్టకండి.

రూర్కెలా గురించి చెప్పింది నాన్నతో పనిచేసే ఆయన మేనకోడలు. అక్కడ థర్డ్ ఇయర్, సమ్మర్ ప్రాజెక్టు కోసం క్యాంపస్‌లోనే ఉంది. ఫోన్‌లో గంటసేపు మాట్లాడి, "ఒకసారి వచ్చి చూడు చెల్లీ, నేనున్నాను కదా" అంది. నాన్నా నేనూ ధన్‌బాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. విజయనగరం, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, సంబల్పూర్ మీదుగా రైలు మారే పని లేకుండా రోజు తిరక్కుండానే చేరిపోతాం. ఢిల్లీ రైల్లో ఒకటిన్నర రోజుతో పోలిస్తే ఇది పొరుగూరే. జ్వరమో, ఇంట్లో కష్టమో వస్తే ఎంతసేపట్లో ఇంటికి రాగలం అనేదీ భద్రతలో భాగమే కాబట్టి చాయిస్‌లు పెట్టేటప్పుడు మ్యాపుతో పాటు రైళ్ళ టైంటేబుల్ కూడా పక్కన పెట్టుకోండి.

గేటు దగ్గర పేర్లు రాయించుకుని, అక్క వచ్చాకే లోపలికి పంపారు. నాన్న అడిగింది ఒక్కటే, రాత్రి ఎనిమిదింటికి డిపార్ట్‌మెంట్ నుంచి హాస్టల్ దాకా నడవాలని. నడిచాం. ఆయన తల పైకెత్తి ప్రతి స్తంభం దగ్గరా లైటు చూస్తున్నారు. మధ్యలో ఇద్దరమ్మాయిలు సైకిళ్ళ మీద ఏదో గట్టిగా మాట్లాడుకుంటూ మమ్మల్ని దాటి వెళ్ళారు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. నాన్న ఆగిపోయి, వాళ్ళు మలుపు తిరిగేదాకా చూశారు. "మన ప్లాంట్ టౌన్‌షిప్‌లా ఉందమ్మా" అన్నారు. ఆయన అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఎప్పుడూ అనలేదు. నిజానికి ఆ ఊరు కూడా స్టీల్ ప్లాంట్ చుట్టూ పెరిగిందే.

డబ్బు లెక్క త్వరగా చెప్పేస్తాను. ఊళ్ళో కన్వీనర్ కోటాలో అయితే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. ఎన్ఐటీలో సెమిస్టర్ ట్యూషన్ 62,500 రూపాయలు. కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపు ఉంటే మొత్తం మాఫీ, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, దివ్యాంగులకు మొత్తం మాఫీ. హాస్టల్, మెస్ మాత్రం కట్టుకోవాలి. ఇన్‌కమ్ సర్టిఫికెట్ పక్కాగా ఉంచుకోండి.

చాయిస్‌ల విషయంలో నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. కాలేజీలో ఇచ్చిన ప్రింటెడ్ లిస్టును ఉన్నదున్నట్టు ఎక్కించేశాను. అందులో నేను కలలో కూడా వెళ్ళని చోట్లు పైన ఉన్నాయి. లాక్ చేసే ముందురోజు చూసుకుని మొత్తం మార్చాను. ఫ్లోట్ (వచ్చిన సీటు ఉంచుకుని పై చాయిస్‌ల కోసం చూడటం) పెట్టినవాళ్ళకి పై చాయిస్ వస్తే కింది సీటు దానంతట అదే పోతుంది, మళ్ళీ కావాలన్నా రాదు. నిజంగా వెళ్తారనుకున్నదే పైన పెట్టండి.

నా స్నేహితురాలు ఆంధ్ర యూనివర్సిటీలోనే చేరింది. వాళ్ళమ్మగారికి డయాలసిస్ నడుస్తోంది, వారానికి రెండు సార్లు తనే తీసుకెళ్ళాలి. నా దారి గొప్పదనీ తనది తక్కువనీ ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. 1926లో పుట్టిన యూనివర్సిటీ, మంచి ల్యాబ్‌లు, ఇంటికి దగ్గర. ఆమె కూడా చేరేముందు నా నోట్‌బుక్ తీసుకెళ్ళి అవే ప్రశ్నలు అడిగింది.

చేరేటప్పుడు ర్యాగింగ్ వ్యతిరేక అఫిడవిట్ నేనూ నాన్నా ఇద్దరం ఇచ్చాం. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం అది ప్రతి ఏడాదీ ఇవ్వాలి. ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522, ఎమర్జెన్సీకి 112, రైల్లో అయితే 139. ఈ మూడు నంబర్లూ అమ్మ ఫోన్‌లో కూడా సేవ్ చేశాను.

సెప్టెంబర్‌లో నాకు జ్వరం వచ్చింది. రాత్రి పదకొండింటికి 103 డిగ్రీలు. నా రూమ్మేట్‌ది జార్ఖండ్. తెలుగు ముక్క రాదు. తనే వార్డెన్‌ని లేపింది, నన్ను హెల్త్ సెంటర్‌కి తీసుకెళ్ళింది, తెల్లవార్లూ పక్కనే కూర్చుంది. పొద్దున్న వచ్చీరాని హిందీలో అమ్మా ఆ పిల్లా ఫోన్‌లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. సంక్రాంతికి ఆ అమ్మాయి కోసం అమ్మ విడిగా ఒక డబ్బా అరిసెలు కట్టింది.

ఆ సెలవుల్లోనే మా వీధిలో ఒకావిడ ఇంటర్ చదువుతున్న కూతుర్ని తీసుకుని మా ఇంటికి వచ్చింది. నేను చెప్పబోతుంటే అమ్మే లేచి వెళ్ళి లాంగ్ నోట్‌బుక్ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. వెనక పేజీలో మా ప్రశ్నల కింద అమ్మ చేతిరాతతో కొత్తగా ఒకటి ఉంది: "అర్ధరాత్రి జ్వరం వస్తే పిల్లని ఎవరు తీసుకెళ్తారు?"