చిన్నప్పుడే బాప్తిస్మం అయింది, మళ్లీ తీసుకోవాలా?

హైదరాబాదులో ఈ ప్రశ్న తరచూ పెళ్లి మాటలప్పుడే లేస్తుంది: అమ్మాయిది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), అబ్బాయిది బాప్టిస్టు సంఘం.

సీఎస్ఐలో పసిబిడ్డకు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో నీళ్లతో ఇస్తారు. పెద్దయ్యాక ఆ విశ్వాసాన్ని సొంతంగా ఒప్పుకోవడానికి కన్ఫర్మేషన్ అనే ఆచారం ఉంది. బాప్తిస్మం మాత్రం ఒక్కసారే. అపొస్తలుల కార్యములు 16:33లో చెరసాల నాయకుడి ఇంటివారందరూ పొందారు కదా అంటారు. ఆ ఇంట్లో పసివాళ్లున్నారని మాత్రం వాక్యం చెప్పదు.

బాప్టిస్టులు మార్కు 16:16 చూపుతారు: ముందు నమ్మడం, తర్వాతే ముంచడం. కాబట్టి వాళ్ల లెక్కలో పెద్దయ్యాక తీసుకునేది రెండోది కాదు, మొదటిదే. ఇదే నమ్మకానికి 1527లో స్విట్జర్లాండ్‌లోని జూరిక్‌లో, పెద్దలకు మళ్లీ బాప్తిస్మం ఇచ్చిన ఫెలిక్స్ మాంజ్‌ను నదిలో ముంచి చంపారు.

పెళ్లి కోసమే నీళ్లలో దిగడం నాకు సమ్మతం కాదు. తేదీ ఖాయం చేయకముందే బాప్తిస్మం సర్టిఫికెట్‌తో ఇద్దరు పాస్టర్లనూ కలవండి.