ముందు హోవర్, తర్వాతే ఫ్లిప్

రిమోట్‌తో ఎగరేసే ఆర్సీ హెలికాప్టర్‌ని ముక్కు మనవైపు ఉంచి గాల్లో కదలకుండా నిలపడాన్ని నోస్-ఇన్ హోవర్ అంటారు. అది ఇక ప్రాక్టీస్ చేయనని మావాడు తెగేసి చెప్పాడు. పదమూడేళ్లవాడు. మేముండేది ఒహాయోలో. పక్కనే ఇండియానాలోని మన్సీలో ఏటా వేసవిలో ఆర్సీ హెలికాప్టర్ల జాంబోరీ జరుగుతుంది. అది చూసొచ్చినప్పటి నుంచి వాడి ధ్యాసంతా త్రీడీ మీదే, అంటే గాల్లో పల్టీలు కొట్టించే విన్యాసాల మీద. హెలికాప్టర్‌ని తలకిందులు చేసి గడ్డి కోస్తున్నట్టు నేలబారున తిప్పేవాళ్లని చూశాక, కళ్లకి ఎదురుగా కదలకుండా నిలబెట్టమంటే ఏ పిల్లాడికి నచ్చుతుంది?

కానీ ఈ విషయంలో నేను తగ్గను. ముందు టెయిల్-ఇన్, అంటే తోక మనవైపు ఉంచి గాల్లో నిలపాలి. అది కుదిరాక ఎడమ పక్క, కుడి పక్క. ఆ తర్వాత ముక్కు మనవైపు. ఇక్కడే అందరికీ చెమటలు పడతాయి. ముక్కు మనకేసి తిరిగిందంటే కుడికి స్టిక్ కొడితే అది మన ఎడమకి పోతుంది, వెనక్కి లాగితే మనకి దూరంగా పోతుంది. ఎటు కొట్టాలా అని ఆలోచించేలోపే బ్లేడ్లు నేలకి తగులుతాయి, కాబట్టి వేళ్లకే తెలిసిపోవాలి. తర్వాత రెండువైపులా నిదానంగా ఎనిమిది అంకె తిప్పడం, ఆటోరొటేషన్‌తో, అంటే మోటారు ఆపేసి బ్లేడ్లు తిరిగే ఊపుతోనే, దించడం. పల్టీ కొట్టించే ఫ్లిప్ మాట అప్పుడే.

ఫ్లిప్ చూడ్డానికి ఒక్క కుదుపులా ఉంటుంది గానీ, లోపల జరిగేది వేరు. తిరగబడుతూ నిలువుగా వచ్చిన క్షణంలో కలెక్టివ్ పిచ్, అంటే మెయిన్ బ్లేడ్లన్నీ కలిసి వాలే కోణం, సున్నాకి రావాలి, పూర్తిగా తలకిందులయ్యాక మైనస్‌లోకి వెళ్లాలి, మళ్లీ నిలువయ్యేసరికి సున్నా, ఆ తర్వాత ప్లస్. తలకిందులుగా ఉన్నప్పుడు కంగారుపడి, పైకి లేపుదామని మామూలుగా స్టిక్ పైకి తోస్తే రోటరే దాన్ని నేలకేసి కొడుతుంది. సిమ్యులేటర్లో అయితే బటన్ నొక్కగానే కొత్తది వస్తుంది. మైదానంలో మెయిన్ బ్లేడ్లు, మెయిన్ షాఫ్ట్, టెయిల్ బూమ్ అన్నీ పోతాయి. పోతే పోనీ, కొనుక్కోవచ్చు. నా టెన్షన్ వాడి వేళ్ల గురించి. ఆర్సీ హెలికాప్టర్లలో 450 సైజంటే చిన్నదే, ఒక్కో బ్లేడు 325 మిల్లీమీటర్లు ఉంటుందేమో, కానీ నిమిషానికి 2,500 చుట్ల పైనే తిరుగుతుంది. దగ్గరికెళ్లే ముందు మోటారు తిరగకుండా ఆపే థ్రాటిల్ హోల్డ్ స్విచ్ వేశావా అని ప్రతిసారీ అడుగుతాను, వాడు విసుక్కున్నా సరే.

ఇదంతా మళ్లీ మొదలెట్టబోతే వాడు ఆపేశాడు. "నువ్వు నాకు తెలుగులో హోవర్ నేర్పలేదు నాన్నా. డైరెక్ట్‌గా ఫ్లిప్ నేర్పావు" అన్నాడు. తెలుగులోనే అన్నాడు.

నిజమే. ఐదేళ్లప్పటి నుంచీ ఉగాదికి స్టేజీ ఎక్కించి పద్యాలు చెప్పిస్తున్నాం. సీసపద్యం, కింద ఎత్తుగీతితో సహా, ఎక్కడా ఆగకుండా చెప్పేస్తాడు, హాలంతా చప్పట్లు. ఆదివారం వీడియో కాల్‌లో వాళ్ల అమ్మమ్మ "ఏం కూర నాన్నా ఇవాళ?" అంటే మాత్రం వాళ్లమ్మ వైపు చూస్తాడు. తను మెల్లగా "బీరకాయ" అని అందిస్తే, "బీరకాయ" అంటాడు. బాగుందా అని ఆవిడ అడిగితే "ఊఁ". అంతే, ఫోన్ నా చేతికొస్తుంది. అటునుంచి ఆవిడ వదలకుండా ఇంకో ప్రశ్న వేస్తూనే ఉంటుంది, పాపం.

పిల్లాడికి రోజువారీ మాటే ముందు రావాలని, పద్యం తర్వాత చూసుకోవచ్చని ఎవరికైనా సలహా ఇవ్వాలంటే గట్టిగా ఇస్తాను. మరి మాటల్లో 'ళ' పలకని పిల్లాడు పద్యంలో స్పష్టంగా పలుకుతాడే, 'ణ' కూడా అంతే. ఆ పలుకుబడి పద్యం ఇచ్చిందే కదా. పద్యం మాన్పిస్తే అదీ పోతుందేమో. ఆ మాటకొస్తే హెలికాప్టర్ల సంగతీ నేననుకున్నంత ఖాయమా? హెలికాప్టర్‌ని నిలకడగా ఉంచే ఇప్పటి ఫ్లైట్ కంట్రోలర్లలో రెస్క్యూ ఉంటోంది, స్విచ్ కొడితే తలకిందులుగా ఉన్నది తనంతట తనే సర్దుకుని పైకి లేస్తుంది. మావాడు సిమ్యులేటర్లో నోస్-ఇన్ రాకముందే తలకిందుల హోవర్ నేర్చేసుకున్నాడు, నా వరసకి పూర్తి విరుద్ధంగా. దాని సరదాలో పడి మిగతావీ కొన్ని వాటంతటవే వచ్చాయి. చప్పట్లే లేకపోతే వాడు తెలుగు జోలికే వచ్చేవాడు కాదేమో కూడా.

ఎనిమిది అంకె రెండువైపులా శుభ్రంగా వచ్చాక, బాగా ఎత్తులో, రెస్క్యూ ఆన్‌లో పెట్టి ఫ్లిప్ కొట్టొచ్చని ఒప్పుకున్నాను. వాడూ సరేనన్నాడు. తెలుగుకి మాత్రం ఏ వరస పెట్టాలో తేలలేదు. టెయిల్-ఇన్ తర్వాత ఏమిటో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. "బీరకాయ" తర్వాత వాడి నోట ఏ మాట రావాలో, అది వాళ్లమ్మ అందించకుండా ఎలా రావాలో నాకింకా తెలియడం లేదు.