బడి పక్కింటి తాతగారు, మామ్మగారు

మా హైస్కూల్లో చదివిన ఏ బ్యాచ్ వాళ్ళనైనా అడగండి. హెడ్మాస్టర్ల పేర్లు తడుముకుంటారేమో గానీ బడి పక్క తాటాకింటి తాతగారినీ మామ్మగారినీ మర్చిపోరు. తాతగారు బడిలో అటెండరు. గంట కొట్టడం, రిజిస్టర్లు మోయడం, సాయంత్రం గదులకి తాళాలు వెయ్యడం ఆయన పని. మామ్మగారికి ఉద్యోగమేమీ లేదు. కానీ జ్వరమొచ్చిన పిల్లని పడుకోబెట్టాలన్నా, చిరిగిన లాగూకి నాలుగు కుట్లు వెయ్యాలన్నా మాస్టార్లు పంపేది ఆవిడ దగ్గరికే.

ఇద్దరికీ భక్తి ఎక్కువే, కాకపోతే ఒకే దేవుడి మీద కాదు. తాతగారు నామం పెట్టుకుని, అంతర్వేది నరసింహస్వామిని తలుచుకున్నాకే గంట ముట్టుకునేవారు. మామ్మగారిది విభూతి, సోమవారం ఉపవాసం, కోటిపల్లి సోమేశ్వరుడు. ఒకే గూట్లో రెండు పటాలు, మధ్యలో ఒకే దీపం.

అసలు పేచీ మాఘమాసంలో వచ్చేది. అంతర్వేదిలో స్వామివారి కల్యాణం మాఘ శుద్ధ దశమి రాత్రి, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. మూడు వారాలు తిరక్కముందే మహాశివరాత్రి. అటెండరు జీతంలో ఒకే నెలలో రెండు ప్రయాణాలంటే ఎలా? అందుకని ఓ ఏడాది రాజోలు మీదుగా బస్సులో అంతర్వేది, మరో ఏడాది ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి కోటిపల్లి. చిక్కల్లా, పోయినేడు ఎవరి వంతో ఇద్దరికీ వేరు వేరుగా గుర్తుండేది.

"నీ శివుడెక్కడికీ పోడే, వచ్చే ఏడూ అక్కడే ఉంటాడు" అని ఆయన.

"మీ సామి మాత్రం కాశీ వెళ్తున్నాడేంటి?" అని ఆవిడ.

ఇదంతా మా క్లాసు కిటికీలోంచి వినపడేది. లెక్కల మాస్టారు సుద్దముక్క పట్టుకుని అలాగే ఆగిపోయి, ఎవరు గెలుస్తారా అని మాతో పాటు చెవులు రిక్కించేవారు. ఎవరు గెలిచినా వెళ్ళడం మాత్రం ఇద్దరూ కలిసే. ఇలాంటి పూర్వ విద్యార్థుల సంచికల్లో పెద్దవాళ్ళ గురించి రాసేటప్పుడు పల్లెత్తు మాట అనుకోకుండా కాపురం చేశారని రాస్తాం. వీళ్ళ గురించి అలా రాస్తే పాత బ్యాచ్‌లన్నీ నవ్వుతాయి.

నేను పదో తరగతిలో ఉండగా, 1986 ఆగస్టులో, పెద్ద వరద వచ్చింది. పదిహేనో తేదీ శుక్రవారం. జెండా పండగా, వరలక్ష్మీ వ్రతమూ ఒకే రోజు పడ్డాయి. ఈయన జెండా తాడు సరిచేస్తుంటే ఆవిడ కలశానికి మామిడాకులు కోసుకెళ్ళింది. అప్పటికే గోదావరి మధ్యనున్న లంకల్లోకి నీళ్ళొచ్చేస్తున్నాయి. మర్నాటికి భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి చేరింది, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఈ అంకెలు మాకు తర్వాత తెలిశాయి. అప్పుడు కళ్ళకి కనపడింది మాత్రం ఏటిగట్టు దాటి, పిల్లలతో, కోళ్ళతో, మేకలతో మా బడికి వస్తున్న లంకల జనం.

హెడ్మాస్టరుగారు పొరుగూళ్ళో చిక్కుకుపోయారు. తాళాలు తాతగారి దగ్గరున్నాయి. ఆర్డరు లేకుండా గదులు తీస్తే రేపు జవాబెవరు చెప్తారని ఎవరో అడ్డం పడ్డారు. "నేనే చెప్తానండి" అని ఆయన వరసగా అన్ని గదులూ తీసేశారు, సైన్సు ల్యాబుతో సహా.

మామ్మగారు కార్డు మీద తెచ్చుకున్న రెండు రూపాయల బియ్యం మొత్తం ఎసట్లో పోశారు. చాల్లేదు. ముందురోజు కలశం కింద పోసిన బియ్యం కూడా తీశారు. "అవి పరమాన్నానికి కదే" అని తాతగారు నసిగారు. "పాలెక్కడున్నాయి, బెల్లమెక్కడుంది? గంజన్నమే వండుతున్నానని మీ సామికి చెప్పండి" అన్నారావిడ. ఆ రోజు శనివారం, ఆయనకి ఒంటిపూట. ముసలివాళ్ళని పడవల్లోంచి దింపుతూ ఆ ఒక్క పూటా తినలేదు. చీకటి పడ్డాక ఆవిడే గ్లాసుడు గంజి పట్టుకెళ్ళి "ఇది నీళ్ళే, మీ ఉపవాసం చెడదు" అని దగ్గరుండి తాగించారు.

తర్వాత ఊరంతా కదిలి బియ్యం, కూరగాయలు, కొబ్బరికాయలు తెచ్చి పడేశారు. మా కోనసీమలో నలుగురికి అన్నం పెట్టిన ఆడమనిషిని లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారితో పోల్చడం అలవాటు. మామ్మగారికి ఆ పోలిక నచ్చేది కాదు. "ఆ మహాతల్లి ఇంటి బియ్యం వండి పెట్టింది. నేను వండింది ఊరి బియ్యం, పొయ్యొక్కటే నాది" అనేవారు. కలశం బియ్యం సంగతి ఎత్తితే మాట మార్చేసేవారు.

1996 నవంబరు తుపానుకి ఆ తాటాకిల్లు లేచిపోయింది. తర్వాత రేకులు వేసుకున్నారు. తాతగారు 2003 పుష్కరాలకి ముందే పోయారు. కూతురు హైదరాబాదు రమ్మన్నా మామ్మగారు ఊరు వదల్లేదు. అప్పట్నుంచీ ఏటా మాఘంలో అంతర్వేదికే వెళ్ళేవారు. కోటిపల్లి వంతు ఏమైందని ఓసారి అడిగాను. "వరస తప్పించి నేనే ఎక్కువసార్లు కోటిపల్లి లాక్కెళ్ళాన్లే నాయనా. ఆ బాకీ తీరనీ" అన్నారు. ఆయన ఉండగా ఒక్కసారి కూడా ఒప్పుకోని లెక్క అది! ఆ బాకీ తీరిందో లేదో గానీ, ఆఖరి దాకా కోటిపల్లి ఊసెత్తలేదు.

ఇప్పుడు మన పూర్వ విద్యార్థుల కమిటీ బళ్ళో మంచినీళ్ళ ప్లాంటు పెట్టి వాళ్ళ పేర్లు రాయిద్దామంటోంది. మంచి మాట. ఎవరి పేరు ముందు రాయాలన్న చర్చ వాట్సాప్ గ్రూపులో అప్పుడే మొదలైంది. నా ఓటు మామ్మగారికి. ఆ చర్చతో పాటు ఫిల్టర్లు మార్చే ఖర్చుకి బ్యాంకులో ఎంత వెయ్యాలో కూడా ఈ సమావేశంలోనే తేల్చేస్తే బాగుంటుంది.