అడయారులో గరుకు లెక్క

చెన్నైలో అడయారు నది వరద లెక్కలు వేయడం నా ఉద్యోగం. అందులో ముప్పాతిక వంతు ఒక్క అంకె చుట్టూ తిరుగుతుంది. నీటి వేగాన్ని కట్టే మానింగ్ సూత్రంలో దాన్ని ‘ఎన్’ అంటారు. ఏటి అడుగూ గట్లూ ఎంత గరుకో చెప్పే అంకె. నున్నటి కాంక్రీటుకు 0.015 వేస్తాం. తుంగ, పొదలు పెరిగిన చోట 0.05, ఒక్కోసారి ఇంకా పైకి. లోతూ వాలూ మార్చకుండా మొదటిది తీసి రెండోది పెడితే నీటి వేగం మూడో వంతుకు పడిపోతుంది. అంత వరదా పోవాలంటే నీళ్లయినా పైకి లేవాలి, ఏరయినా వెడల్పవ్వాలి. వరద ఇంజనీర్లకు చెట్టంటే కోపం ఊరికే రాలేదు.

మా ఆఫీసులో వరద లెక్కలు వేసే మేం ఒక వైపు, మడచెట్లూ చేపలూ పక్షులూ చూసేవాళ్లు ఇంకో వైపు. మా డ్రాయింగులు అయిపోయాక ఫైలు వాళ్ల దగ్గరికి వెళ్లేది, మిగిలిన జాగాలో మొక్కలు పెట్టమని. మిగిలిన జాగాలో తయారయ్యేది వాకింగ్ ట్రాకు. దానికి నది పునరుద్ధరణ అని బోర్డు పెడితే నాకైతే నవ్వొస్తుంది.

2015 డిసెంబరు 1న తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్ల వాన పడింది. ఆ రాత్రి చెంబరంబాక్కం చెరువు నుంచి అడయారులోకి 29,000 క్యూసెక్కులు వదిలారు. జనం నోట ఆ చెరువు పేరే మిగిలింది గానీ, మణిమంగళం, ముడిచూరు వైపు నుంచి దిగిన నీళ్లూ తక్కువేం కావు. అవన్నీ గొలుసుకట్టు చెరువులు. ఒకదాని కలుజు పొర్లితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరాలి. మధ్య కాలువ ప్లాట్లయిపోతే నీళ్లు ఇళ్ల మధ్యనుంచే దారి చూసుకుంటాయి.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం మొగ. అడయారు సముద్రంలో కలిసే చోట ఇసుక మేట వేస్తుంది. ఈశాన్య రుతుపవనాలకు ముందు యంత్రాలు పెట్టి తవ్వుతారు, అలలు మళ్లీ పూడుస్తాయి. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు లోపలికి వచ్చిన ఉప్పునీరు ఎంత విశాలంగా పరుచుకుంటే, పాటులో అంత బలంగా వెనక్కి వెళ్తూ ఇసుకను తోస్తుంది. పరుచుకునే మడుగుల్నీ బురద నేలల్నీ మట్టితో నింపితే ఆ బలం పోతుంది. అక్కడే ఉప్పుటేటి పాయ మీద 58 ఎకరాల్లో పూడిక తీసి, మడచెట్లు నాటి, 2011లో పార్కుగా తెరిచారు. పక్షుల కోసమని అందరూ మెచ్చుకున్నారు. పోటునీటికి చోటిచ్చే అలాంటి పని మొగ దగ్గర వరదకూ మందే. దీన్ని మా మీటింగుల్లో ఒప్పించడానికి నాకు చాలా టీలు ఖర్చయ్యాయి.

నాకిది తేలిగ్గా తలకెక్కడానికి కారణం మా ఊరు. మాది కొల్లేటి అంచు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదను కొల్లేరు కడుపులో దాచుకుని ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి వదిలేది. చేపల చెరువుల గట్లు లేచాక ఆ కడుపే కుంచించుకుపోయింది. దక్షిణ చెన్నైకి పళ్లికరణై చిత్తడి నేల అదే పని చేయాలి. 2022లో దానికి రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలన్న గుర్తింపు వచ్చింది. పక్కన చెత్తకుప్ప ఇంకా ఉంది.

అమెరికాలో కిస్సిమ్మీ నదిని వరద భయంతో 1962–71 మధ్య సూటి కాలువగా మార్చారు. 166 కిలోమీటర్ల వంకర నది 90 కిలోమీటర్లకు కురచయింది, చిత్తడి ఎండింది, పక్షులు పోయాయి. తవ్విన ఆర్మీ ఇంజనీర్లే 1999 నుంచి 2021 దాకా కొంత మేర కాలువను పూడ్చి పాత వంకరల్లోకి నీళ్లు మళ్లించారు. వాళ్ల పద్ధతిలో వరద లాభాన్ని డబ్బులో, జీవావరణ లాభాన్ని ఆవాసపు యూనిట్లలో లెక్కిస్తారు. రెంటినీ కలిపి కూడలేం. కానీ పక్కపక్కన పెట్టి, ఇంకొంచెం ఖర్చు పెడితే ఏది ఎంత పెరుగుతుందో చూడొచ్చు. మా పట్టికలో జీవావరణానికి ఆ రెండో గడే లేదు.

వెడల్పు కావాలంటే మాత్రం చెన్నైలో జాగా ఎవరిది? సైదాపేటలో ఏటి ఒడ్డున సర్వే చేస్తుంటే నా ఫోను మాటలు విని ఒక ముసలమ్మ తెలుగులో పలకరించింది. కార్పొరేషన్‌లో ఊడ్చే పని చేసి రిటైరయిందట. వాళ్ల తాతలనాడు నెల్లూరు దిక్కు నుంచి వచ్చారు.

“ఏం కొలస్తా ఉండావు నాయనా?”

“ఏటికి కొంచెం జాగా కావాలవ్వా, వరద రాకుండా.”

“ఏటికి జాగా అంటే మా ఇల్లే గదా. పెరుంబాక్కం పంపిస్తారు. ఆడా నీళ్లే నిలస్తాయంట.”

ఆమె మాటలో తప్పు లేదు. పెరుంబాక్కం పళ్లికరణై పక్కనే. నది ఒడ్డు ఖాళీ చేయించి చిత్తడి నేల అంచున ఇళ్లిస్తే మనుషులు ఒక ముంపు నుంచి ఇంకో ముంపులోకి పోయినట్టే. మా పట్టికలో దానికీ గడి లేదు.

ఇప్పుడు మేం గీస్తున్న, ఏటిని అడ్డంగా కోసినట్టు చూపే బొమ్మలో నడుమ ఇరుకైన వేసవి కాలువ, రెండు పక్కలా వరదకే మునిగే మెట్టు ఉన్నాయి. మెట్టు మీద రెల్లు, తుంగ. వరదకు వంగి పడుకునేవి. మొదటి గీత నుంచీ ఎకాలజీ వాళ్లు మా పక్కనే కూర్చున్నారు. ఎన్ ఎంత వేయాలో వాళ్లతో పోట్లాడి 0.045 దగ్గర రాజీపడ్డాం. ఆ మేరకు కావలసిన వెడల్పు అనకాపుత్తూరు పైన ఇంకా దొరుకుతుంది. సైదాపేటలో దొరకదు, అక్కడ గోడే గీశాం. ప్రస్తుతం గొడవ నిర్వహణ మీద. టెండరులో పూడిక తీతకు ఐటమ్ ఉంది గానీ, అక్టోబరుకు ముందు గుర్రపు డెక్క లాగించడానికి లేదు. ఆ ఐటమ్ లేకపోతే మా 0.045 కాగితం మీదే ఉంటుందని రాసి పంపాను, జవాబు రావాలి.